తీగలు బిగించిన చెయ్యి

కృష్ణా డెల్టాలో పుట్టినవాడు భూకంపాల మీద బతుకుతానంటే జనం నవ్వక ఏం చేస్తారు? కంకిపాడు చుట్టుపక్కల నిలువులోతు తవ్వినా గులకరాయి తగలదు. అంతా ఒండ్రు. అలాంటి నేల మీద పుట్టిన సంజీవరావు వాల్తేరులో జియోఫిజిక్స్ చదివి, భూమి ఎక్కడ కదిలిందో కనిపెట్టే ఉద్యోగంలో చేరాడు. "మీవాడికి నీళ్లులేని చోట చేపలు పట్టే పని దొరికిందంటగా" అని వాళ్ల నాన్న శౌరయ్యని చర్చి దగ్గర తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. శౌరయ్య నవ్వేవాడు కాదు. కూలి చేసి కొడుకుని చదివించినవాడు. ఆ చదువేమిటో తనకి అర్థం కాకపోయినా, దాన్ని ఎవరైనా చులకన చేస్తే ఆయనకి కడుపు మండేది.

పందొమ్మిది వందల డెబ్భై ఆరు నాటికి సంజీవరావుకి నలభై నాలుగేళ్లు. నవ్వినవాళ్లు నవ్వడం మానేసి చాలా కాలమైంది. అరవై తొమ్మిదిలో భద్రాచలం వైపు భూమి అదిరినప్పుడు బెజవాడ ఇళ్లలో గిన్నెలు మోగాయి. ఆ మర్నాటి నుంచి ఆయన గుణదలలో బస్సెక్కితే కండక్టరు కూడా, "మళ్లీ ఎప్పుడండీ?" అని అడిగేవాడు. "అది చెప్పగలిగితే నేను బస్సెందుకెక్కుతానయ్యా" అనేవాడు సంజీవరావు.

ఆయన పనిచేసే స్టేషన్ మంగళగిరి దారిలో, జంక్షన్ రైళ్ల అదురు అంతగా అందని చోట, ఒక చిన్న కొండ పాదాన ఉండేది. రెండు గదుల రాతి కట్టడం. వెనక గదిలో రాతిలోకి తొలిచిన గుంట ఉంది. ఆ గుంటలో స్ప్రింగుకి వేలాడే బరువైన యంత్రం. నేల కదిలితే యంత్రం నుంచి రెండు తీగల్లో సన్నటి కరెంటు ముందు గదిలోకి వస్తుంది. అక్కడ మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము నిదానంగా తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక సూది తెల్లటి గీత గీస్తూ పోతుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి కాగితం మార్చాలి. తీసిన కాగితాన్ని లక్క నీళ్లలో ముంచి ఆరబెడితే మసి రాలకుండా నిలుస్తుంది. అలా రోజుకొకటి చొప్పున పదకొండేళ్ల కాగితాలు అల్మారాల్లో పేరుకున్నాయి.

సంజీవరావు ప్రాణమంతా ఆ గీతలో ఒక్క చోట ఉండేది. నికోబార్ దీవుల వైపు సముద్రం అడుగున పెద్ద భూకంపం వస్తే, ఆ అదురు బంగాళాఖాతం కిందుగా నాలుగు నిమిషాల లోపే ఇక్కడికి వచ్చేస్తుంది. వచ్చిన ఆ మొదటి క్షణంలో సూది పైకి లేచిందా, కిందికి దిగిందా? పైకి లేస్తే భూమి ఇటు నెట్టినట్టు. కిందికి దిగితే అటు లాక్కున్నట్టు. నాలుగు దిక్కులా ఉన్న స్టేషన్లలో ఎక్కడ నెట్టింది, ఎక్కడ లాగింది అని పటం మీద గుర్తులు పెడితే, సముద్రం అడుగున ఏ రాతిపలక ఎటు జారిందో తెలుస్తుంది. చూడని చోట, చూడలేని లోతున జరిగిన సంగతి ఒక వెంట్రుకవాసి గీత చెబుతుంది. ఆ పనికి మించిన పని లోకంలో లేదని ఆయన నమ్మకం.

పదకొండేళ్లలో అలాంటి పెద్ద భూకంపాలు ఏడు వచ్చాయి. అందులో రెండింటికి ఈదురుగాలి సూదిని ఊపేసి మొదటి కదలికని మింగేసింది. మిగిలిన ఐదింటిలో ఒక వింత కనిపించింది. చుట్టుపక్కల స్టేషన్లలో సూది ఎటు కదిలితే, సంజీవరావు స్టేషన్లో దానికి ఎదురుగా కదిలింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఆ వింతనే పట్టుకుని ఆయన లెక్కలు కట్టాడు. నెట్టుడుకీ లాగుడుకీ మధ్య హద్దు సరిగ్గా డెల్టా మీదుగా పోతోందన్నాడు. దాన్నిబట్టి సముద్రం కింది పలక ఎంత వాలుగా దిగుతోందో చెప్పాడు. పండితులకి అది నచ్చింది. 'డెల్టా గీత' అని పేరు కూడా పెట్టారు. ఎక్కడ సభ జరిగినా పిలుపు వచ్చేది. ఆ పదకొండేళ్ల పనంతా కలిపి రాసిన పెద్ద వ్యాసం అచ్చుకి వెళ్లి, ఆగస్టు మొదట్లో ప్రూఫులు చేతికొచ్చాయి. ఇరవయ్యో తేదీలోగా దిద్ది పంపాలి.

ప్రూఫులు వచ్చిన మూడో రోజు రామకోటేశ్వరరావు దగ్గర్నుంచి కవరొచ్చింది. వాల్తేరులో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాడు, ఇప్పుడు దక్కనులో ఇంకో స్టేషన్ నడుపుతున్నాడు.

"సంజీవీ, కోప్పడకు. నీ ఐదు భూకంపాలూ మా కాగితాల్లో మళ్లీ తీసి చూశాను. నీ స్టేషన్‌కీ నా స్టేషన్‌కీ మధ్య నీ హద్దు పడేంత దూరం లేదనిపిస్తోంది. నీ తీగలు రెండూ తారుమారై ఉన్నాయేమో చూసుకో. ప్రూఫులు పంపేలోగా చూసుకో."

అంతే ఉత్తరం. చదవగానే సంజీవరావుకి ముందు కోపం వచ్చింది. ఓర్వలేనితనం అనుకున్నాడు. కవరు మడిచి జేబులో పెట్టుకుని, అరగంట తర్వాత తీసి మళ్లీ చదివాడు. ఈసారి కోపం రాలేదు. తీగలు తారుమారైతే సూది తలకిందులుగా గీస్తుంది. నెట్టుడు లాగుడవుతుంది, లాగుడు నెట్టుడవుతుంది. డెల్టా గీత అనేదే ఉండదు. సభలు, పిలుపులు, ఆ పెద్ద వ్యాసం, అంతా రెండు తీగల మీద వేలాడుతోంది.

ఆ తీగలు ఎవరి చేతుల్లో పడతాయి అని ఆలోచించేసరికి ఆయనకి వీరభద్రయ్య గుర్తొచ్చాడు.

వీరభద్రయ్య స్టేషన్ అటెండెంటు. సంజీవరావు కంటే ఆరేళ్లు పెద్ద. మంగళగిరి నేతపనివాళ్ల కుటుంబం. మగ్గం మీద కూడు పుట్టక, అరవై అయిదులో స్టేషన్ తెరిచిన కొత్తల్లో టెంపరరీగా చేరాడు. పదకొండేళ్లుగా ఆ టెంపరరీ అలాగే ఉంది. కాగితానికి మసి పట్టించడంలో ఆయనకి సాటి లేదు. కిరసనాయిలు దీపం మీద కాగితాన్ని తిప్పుతూ ఎక్కడా పలచన కాకుండా, ఎక్కడా కమలకుండా పట్టించేవాడు. ఏటా దసరాకి ఆయన యంత్రాలకి ఆయుధపూజ చేసేవాడు. ఆ రోజు కాగితం మార్చే వేళకి డ్రమ్ము ఆపి, తీగలు బిగించిన ఇత్తడి మరలు విప్పి, చింతపండుతో తళతళలాడేలా తోమి, మళ్లీ బిగించి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు.

మొదటి ఏడు ఆయన నసుగుతూ వచ్చి, "మీకు ఇబ్బంది లేకపోతేనేనండి" అన్నాడు. "నీ పూజ నువ్వు చేసుకో వీరభద్రయ్యా, నేను బయట కూర్చుంటాను" అన్నాడు సంజీవరావు. క్యాథలిక్కు మనిషి పక్కన నిలబడితే ఆయన పూజకి అడ్డమేమోనని ఈయన మర్యాద. యంత్రం దగ్గర దేవుణ్ణి పెడితే అయ్యగారు ఏమనుకుంటారోనని ఆయన మొహమాటం. ఏటా ఆ గంటసేపు సంజీవరావు వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి కొబ్బరిముక్కలు తినేవాళ్లు. పదకొండేళ్లలో ఆ మరలు విప్పడం గాని బిగించడం గాని సంజీవరావు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకేం కావాలి? విప్పినవాడు ఎదురుగా ఉన్నాడు. పైగా ఎమర్జెన్సీ రోజులు. పది నిమిషాలు ఆలస్యమైతే మెమో. టెంపరరీవాణ్ణి తీసెయ్యడానికి ఒక్క వాక్యం చాలు. వీరభద్రయ్యని పర్మనెంటు చేసే ఫైలు మూడేళ్లు నాని నాని ఆ నెలలోనే పైఆఫీసుకి కదిలింది.

సంజీవరావు మంచివాడే. మంచివాళ్లు కూడా భయపడినప్పుడు ముందు పక్కవాడి వైపే చూస్తారు. మర్నాడు వీరభద్రయ్య భోజనానికి వెళ్లినప్పుడు ఆయన టైపు మిషను ముందు కూర్చుని పైఆఫీసుకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం కొట్టాడు. స్టేషన్ అటెండెంటు తన ఆచారం ప్రకారం, నా పరోక్షంలో, ఏటా తీగలు విప్పి అజాగ్రత్తగా బిగించినందువల్ల రికార్డుల్లో దోషం చేరిందని, దానికి శాస్త్రజ్ఞుడు బాధ్యుడు కాడని. సంతకం చెయ్యబోయి ఆగాడు. ఉత్తరాన్ని మడిచి సొరుగులో పడేసి తాళం వేశాడు.

ఆగింది జాలి వల్ల కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ ఉత్తరంలో ఒక చిక్కుంది. ఏటా విప్పి బిగించినవాడు ఏ యేడు సరిగ్గా బిగించాడో, ఏ యేడు తిరగేశాడో ఎవరు చెప్పగలరు? చెప్పలేకపోతే పదకొండేళ్ల కాగితాలూ చిత్తు కాగితాలే. ఏ గీతనీ నమ్మడానికి లేదు. తన పేరు దక్కుతుంది, పని చస్తుంది. అలా కాక మొదట్నుంచీ ఒకేలా తిరగబడి ఉంటేనో, ప్రతి గీతనీ తిరగేసి చదువుకోవచ్చు, పనంతా బతుకుతుంది. కానీ మొదట్నుంచీ అంటే, మొట్టమొదట ఆ తీగలు బిగించింది ఎవరు? తనే. ఆ ఆలోచన దాకా వెళ్లి ఆయన వెనక్కి వచ్చేసేవాడు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయేవాడు. "లోకంలో ఎక్కడ భూమి కదిలినా మీకు తెలుస్తది గాని, కంచంలో అన్నం చల్లారితే తెలీదేంటండీ?" అంది భార్య తెరేసమ్మ. ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఎవరన్నా ఏవన్నా అన్నారా?" అని ఆవిడ దగ్గరకొచ్చింది. "ఎవరూ ఏం అనలా. అనకముందే చూసుకోవాలి" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. అయినా ఇక అడగలేదు.

పదకొండో తేదీన పోస్టాఫీసుకి వెళ్లి ట్రంకు కాల్ బుక్ చేసి, రెండు గంటలు బల్ల మీద కూర్చుని, రామకోటేశ్వరరావుతో మూడు నిమిషాలు మాట్లాడాడు.

"గుంటలోకి దిగి బరువు కదిపి చూస్తే తెలిసిపోతుంది కదరా" అన్నాడు సంజీవరావు.

"వద్దు. దేన్నీ ముట్టుకోకు. ముట్టుకుంటే రేపు ఎవడైనా నువ్వే కదిపావంటాడు. మీ పక్కన క్వారీ ఉంది గదా, పెద్ద పేలుడు ఒకటి పెట్టించు. పేలుడు అన్ని వైపులకీ నెడుతుందే గాని ఎటూ లాగదు. తీగలు సరిగ్గా ఉంటే నీ సూది పైకే లేవాలి."

"కిందికి దిగితే?"

"దిగితే నాకు ఉత్తరం రాయి. ప్రూఫులు మాత్రం పంపకు."

కొండకి అవతల నాలుగు కిలోమీటర్ల దూరంలో బసవపున్నయ్య అనే కంట్రాక్టరు కంకర కొట్టిస్తున్నాడు. ఆయనకీ సంజీవరావుకీ ఉప్పూ నిప్పూ. క్వారీ పేలినప్పుడల్లా కాగితం మీద పిచ్చిగీతలు పడతాయని ఈయన పదేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. అలాంటివాడు గుమ్మంలోకి వచ్చి పేలుడు పెట్టించమని అడిగేసరికి బసవపున్నయ్య నోట్లోంచి చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ఇన్నాళ్లూ పేల్చొద్దని చంపారు. ఇప్పుడు పేల్చమని చంపుతున్నారు. ఏంటండీ సంగతి?"

"చెప్పుకోలేని సంగతండీ. రేపు సరిగ్గా పదకొండింటికి, మీరు పెట్టగలిగిన పెద్ద పేలుడు ఒక్కటి పెట్టండి. ఇక మీ మీద అర్జీ పెట్టను."

"ఆ మాట కాయితం మీద రాసిస్తారా?"

రాసిచ్చాడు.

పన్నెండో తేదీ పొద్దున రేడియో గంటలతో గడియారం సరిచూసుకున్నాడు. గీత స్పష్టంగా విడిపడి కనపడాలని డ్రమ్ము వేగం పెంచాడు. పదకొండుకి పది నిమిషాలుందనగా వీరభద్రయ్య ఎప్పటిలాగే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నువ్వు బయటుండు" అన్నాడు సంజీవరావు, ఆయన వైపు చూడకుండా.

పదకొండేళ్లలో ఆ గదిలోంచి ఆయన్ని బయటికి పొమ్మనడం అదే మొదలు. వీరభద్రయ్య తల వంచుకుని బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేశాడు.

పదకొండైంది. సూది తిన్నగా పోతోంది. సంజీవరావు ఊపిరి బిగబట్టాడు. ఊపిరి కదలిక సూదికి అంటదని తెలిసినవాడే బిగబట్టాడు. పదకొండు దాటి అర నిమిషమైంది. బసవపున్నయ్య మాట తప్పాడా? నిమిషమైంది. ఇంకా తిన్నగానే పోతోంది. ఆయన అరచేతులు చెమటతో తడిసి బల్లకి అంటుకుంటున్నాయి. దేవుడా పైకి, పైకి అనుకుంటున్నాడు. మరియమాతని తలుచుకున్నాడు. వీరభద్రయ్య బొట్టు పెట్టిన దేవుళ్లని కూడా తలుచుకున్నాడేమో, చెప్పలేం.

సూది కిందికి దిగింది.

దిగి, తర్వాత పైకి లేచి, ఆపైన పిచ్చిగా ఊగింది. కానీ మొదటి కదలిక కిందికే. అందులో అనుమానానికి చోటు లేదు. భూమిలో వచ్చే అదురు ముందొస్తుంది, గాలిలో వచ్చే చప్పుడు తర్వాతొస్తుంది. ఢామ్మని చప్పుడు కిటికీని ఊపేసరికి సంజీవరావు విషయంలో తీర్పు అయిపోయి పది సెకన్లు దాటింది.

తీగలు తారుమారయ్యాయి. అది తేలిపోయింది. ఎప్పట్నుంచి? అది తేలలేదు. గత దసరా నుంచా, అంతకు ముందు దసరా నుంచా? అప్పుడు ఆయన తల తిప్పి అల్మారాల వైపు చూశాడు. పదకొండేళ్లుగా తను చెత్త అని తోసేసిన క్వారీ పేలుళ్లన్నీ ఆ కాగితాల మీదే ఉన్నాయి. ప్రతి పేలుడూ ఆ రోజు తీగలు ఎలా ఉన్నాయో చెప్పే సాక్షే.

మామూలు వేగంలో గీసిన కాగితం మీద పేలుడు గీత అంగుళం కూడా ఉండదు. వందల పేలుళ్లలో మొదటి కదలిక కనపడేంత పెద్దవి కొన్నే. వాటిని వెతికి పట్టుకోవడానికి నెల పట్టేది. కానీ కాగితాలు తిరగేస్తే వెనక పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసి ఉంది. 'క్వారీ, 11.10, పెద్దది.' 'క్వారీ, 4.25, చిన్నది.' పేలుడు పడిన కాగితాల్లో దాదాపు అన్నిటి మీదా ఉంది. చేరిన కొత్తలో వీరభద్రయ్యకి సంజీవరావే ఒకసారి చెప్పాడు, క్వారీ గీతని చూసి భూకంపమని మోసపోకూడదని. అయ్యగారు మోసపోకూడదని ఆ మనిషి పదకొండేళ్లు రాస్తూనే ఉన్నాడు. సంజీవరావు ఆ రాతని ఎన్నడూ చదవలేదు.

మూడు రోజులు పెద్దవన్నీ ఏరి, భూతద్దం పెట్టి చూశాడు. ఈ ఏడాదివి కిందికే. డెబ్భై అయిదు దసరా దాటి వెనక్కి వెళ్లాడు. కిందికే. డెబ్భై నాలుగు దసరా. కిందికే. ప్రతి దసరా దగ్గరా ఆయన కోరుకున్నదేమిటో చెప్పడానికి సిగ్గేస్తుంది గాని చెప్పాలి. ఒక్క ఏడైనా గీత పైకి లేవాలని కోరుకున్నాడు. లేస్తే తప్పు వీరభద్రయ్యది. తన పదకొండేళ్ల పని చచ్చినా సరే, తప్పు మాత్రం తనది కాకూడదని ఆ మూడు రోజులూ ఆయన ప్రార్థించాడు. డెబ్భై రెండు, డెబ్భై, అరవై ఎనిమిది, కిందికే. అరవై అయిదులో స్టేషన్ తెరిచిన మొదటి వారం కాగితం. అప్పటికి వీరభద్రయ్య ఉద్యోగంలోనే లేడు. వెనక పెన్సిలు రాత లేదు గాని, వెతికితే ఆ వారం ఒకే ఒక పెద్ద పేలుడు దొరికింది. భూతద్దం దగ్గరికి లాక్కుని చూశాడు. కిందికే.

అడుగున స్టేషన్ తెరిచిన నాటి కార్డు ఉంది. తీగలు బిగించినది అన్న చోట తన సంతకమే. ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. యంత్రం ఒక కంపెనీది, తీగలు ఇంకో కంపెనీవి. వాళ్ల ఎరుపు వీళ్లకి నలుపు. పెద్ద ఆఫీసర్లు కార్లు దిగి బయట నిలబడి ఉన్నారు. తొందరలో ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపి బిగించేశాడు. మొదటి వారంలోనే ఒక పేలుడుతో సరిచూసుకోమని యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు పదకొండేళ్లకి వచ్చింది.

పదిహేనో తేదీ. స్వాతంత్ర్య దినం సెలవు. స్టేషన్ ముందు జెండా ఎగరేసి, మధ్యాహ్నం మూడింటికి కాగితాల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు సంజీవరావు. వీరభద్రయ్య వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. బయటుండమన్న రోజు నుంచి పిలిస్తే గాని లోపలికి రావడం లేదు.

"ఒక మాట చెప్పొచ్చాండీ?"

"చెప్పు."

"తీగలు తిరగబడ్డయ్యని నాకు అర్థమైందండి. మూడు రోజుల్నుంచి మీరు క్వారీ కాయితాలే తీస్తన్నారు. మీ పుస్తకం అచ్చుకెళ్లిందని కూడా తెల్సు." ఆయన కండువా రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "నేను మార్చానని రాయండి. దసరాకి ఇప్పినప్పుడు తప్పు పెట్టానని. చదువుకోనోణ్ణి, నన్నేం చేస్తారు. తీసేస్తే మళ్లీ మగ్గం ఉంది. మీ పేరు పోగూడదండి."

సంజీవరావు ఆయన ముఖం వైపు చూసి తల దించుకున్నాడు. సొరుగులో ఉన్న ఉత్తరంలో సరిగ్గా అదే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. ఇప్పుడు వీరభద్రయ్య తనే ఒప్పుకుంటున్నాడు. ఇక సంతకం పెడితే ఎవరూ వేలెత్తి చూపరు. ఆ క్షణం ఆయనకి ఆశ పుట్టలేదని అంటే అబద్ధం. పుట్టింది. గొంతు దాకా వచ్చింది.

"నువ్వు ఎప్పుడైనా తిప్పి బిగించావా? నిజం చెప్పు."

"నేనెందుకు తిప్పుతానండీ? ఇప్పకముందే ఎర్ర గుర్తున్న మర తీగకి పసుప్పచ్చ పోగు, నల్ల గుర్తున్న మర తీగకి తెల్ల పోగు కడతాను. మగ్గం మీద పాత పడుగు చివర్లకి కొత్త పడుగు అతుకుతామా, ఏ పోగు ఏ పోగుతో పోవాలో అదే పోవాలి, ఒక్కటి తప్పితే చీరంతా తప్పుద్ది. పుట్టినకాణ్ణించి చేసిన పని. అది తప్పనండి."

"మరి చేశానని రాయమంటావేం?"

"మీకోసమని."

తర్వాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తే మంచిది. సంజీవరావు మర్నాడే వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. తీగలు నేనే తప్పు బిగించాను, సరిచూడవలసిన పరీక్ష నేనే చెయ్యలేదు అని సంతకం పెట్టి పత్రికకీ, పైఆఫీసుకీ రాశాడు. ఆ సవరణ అర పేజీ అచ్చయింది. డెల్టా గీత పటాల మీంచి పోయింది. రావలసిన ప్రమోషన్ నాలుగేళ్లు వెనక్కి పోయింది, సభలకి పిలుపులు తగ్గాయి. కొందరు వెనక, కొందరు ముందే నవ్వారు. కానీ పదకొండేళ్ల కాగితాలు మాత్రం బతికాయి. గీతలన్నీ తిరగేసి చదివితే చుట్టుపక్కల స్టేషన్లతో అచ్చంగా కలిసిపోయాయి. సముద్రం కింది పలక వాలు గురించి తర్వాత ఎవరు లెక్క కట్టినా ఆ కాగితాలు తియ్యకుండా కట్టలేదు. మిగిలిన ఉద్యోగమంతా సంజీవరావు పేరులేని ఆ పనే ఓపిగ్గా చేశాడు. వీరభద్రయ్య ఆ చలికాలంలో పర్మనెంటయ్యాడు. ఇదంతా బాగానే ఉంది. కానీ ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదు.

సంజీవరావు లేచి సొరుగు తాళం తీశాడు. ఉత్తరం చింపేసి ఊరుకోవచ్చు. వీరభద్రయ్యకి ఇంగ్లీషు రాదు, ఈ జన్మకి తెలిసేది కాదు. కానీ అంత మాటన్న మనిషి ఎదురుగా ఆ కాగితాన్ని దాచుకుని బతకడం ఆయనవల్ల కాలేదు.

"కూర్చో. ఇది పోయిన వారం నేను పైఆఫీసుకి రాసింది. పంపలేదు. తెలుగులో చెబుతాను, విను."

ఒక్కొక్క వాక్యమే చదివి తెలుగులో చెప్పాడు. అటెండెంటు తన ఆచారం ప్రకారం. నా పరోక్షంలో. అజాగ్రత్తగా. 'అజాగ్రత్తగా' అన్న చోట ఆగి, నీళ్లు తాగి మళ్లీ చెప్పాడు. శాస్త్రజ్ఞుడు బాధ్యుడు కాడు అన్నదాకా చెప్పి ఆపాడు. ఇంగ్లీషులో రాసినప్పుడు ఆ మాటలు అంత పాపంగా వినపడలేదు.

వీరభద్రయ్య కింద పరిచిన కాగితాల్లో ఒకదాన్ని తిరగేసి, వెనక తన పెన్సిలు రాతని చూశాడు.

"నేను చేశానని మీరు నిజంగానే అనుకున్నారాండీ?" అన్నాడు.

"అనుకున్నాను."

"పోగులు కడతానని నేను చెప్తే నమ్మేవోరా?"

"నమ్మేవాణ్ణి."

వీరభద్రయ్య కండువా భుజాన వేసుకుని లేచాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే సంజీవరావుకి సులువుగా ఉండేది.

"ఎక్కడో ఉన్న మీ స్నేహితుణ్ణి ఫోను చేసి అడిగారు. గిట్టని బసవపున్నయ్యగారింటికెళ్లి అడిగారు. పదకొండేళ్ల కాయితాల్నడిగారు. నేను తలుపవతలే ఉన్నాను గదండీ."

నన్ను క్షమించు అన్నాడు సంజీవరావు. గాని, ఆ మాట ఆయన చెవులకే చాలా చిన్నగా వినపడింది.